గుబులుకు మూలం

తిండికి కరువొచ్చినా పద్యాలకు కరువు రాని ఒకానొక రాజ్యంలో రణధీరుడనే రాజు ఉండేవాడు. ఆయన రోజూ పద్యం రాసేవాడు, సభ రోజూ ఆహా అనేది. సభ దాటాక ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఆస్థానకవి పేరయ పాటలు మాత్రం దంపుళ్ళ దగ్గర ఆడవాళ్ళంతా పాడుకునేవారు. అవి చెవిన పడ్డప్పుడల్లా రాజుకు కడుపు రగిలిపోయేది. రాజైతే మాత్రం, అసూయకు కిరీటం అడ్డమా?

ఒకరోజు నిండు సభలో పేరయ "ఊరెళ్ళిన మావ రాలేదు, గుండెలో గుబులాయె" అని పాడాడు.

"ఆగు," అన్నాడు రాజు. "గుబులేమిటి? సోమయాజిగారూ, అసలా మాట ఉందా?"

ఆ సభలో ఒక ఆచారం. ఏ మాటకైనా పండితుడు భైరవ సోమయాజి మూలం చెప్పి తలూపాలి. లేదంటే కవి తన ఆసనం వదులుకోవాలి. సోమయాజికీ పేరయ అంటే గిట్టదు. ఆయన పెదవి విరిచాడు.

"మూలం లేదు ప్రభూ. దంపుళ్ళవాళ్ళ మాట."

పేరయ ఆసనం దిగి చేతులు కట్టుకున్నాడు. "వెళ్తాను. పోయేముందు ఒక్క సందేహం తీర్చండి. పొద్దున రాచవారి నోట 'గుగ్గుంబ' అని విన్నాను. దానికి మూలముందా?"

రాజుగారి కొత్త పద్యంలో మాటే అనుకున్నాడు సోమయాజి. "లేకేం! 'గుహ్యాంబ' అన్నదే జనం నోట నలిగి అలా అయింది. హృదయగుహలో వెలసిన అమ్మవారని అర్థం. దివ్యమైన ప్రయోగం."

"నేనెప్పుడన్నాను ఆ మాట?" అన్నాడు రాజు.

"తమరు కాదు ప్రభూ. ఏడాది నిండని యువరాజుగారు. ఉగ్గుగిన్నె తన్నేస్తూ అన్నారు," అన్నాడు పేరయ.

సభంతా గొల్లుమంది. సోమయాజి ఉత్తరీయం సర్దుకుంటూ తల దించుకున్నాడు. రాజు మాత్రం నవ్వలేదు.

"సరే, గుబులుకు మూలమేదో నువ్వే చెప్పు."

"మూలం నాకూ తెలియదు ప్రభూ. అభయమిస్తే అదుండే చోటు చెబుతాను. వీధిలో ఇంకొకరి పాట వినబడినప్పుడు ఏలినవారికి ఇక్కడ ఏదో కదులుతుందే," అని పేరయ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దానికి వేరే పేరుంటే సెలవియ్యండి. ఈ మాట మానేస్తాను."

రాజు ముఖం కందగడ్డయింది. అసూయ అనడానికి నోరు రాలేదు. ఆలోచించిన కొద్దీ దానికంటే గుబులే మర్యాదగా తోచింది. చివరికి పకపకా నవ్వి, తన చేతి కంకణం తీసి పేరయకు తొడిగి, ఆసనం మీద కూర్చోబెట్టాడు.

"సోమయాజిగారూ, నిఘంటువులో గుబులు ఎక్కించండి. మూలం దగ్గర నా పేరు రాయండి."