బోయీ నెత్తురు

రాజుగారి మోకాలినొప్పి తగ్గలేదు; పల్లకీ మోసే బోయీ పైడయ్య మాత్రం చచ్చిపోయాడు. బోయీల నెత్తురుతో పట్టు వేస్తే కీళ్ళు గట్టిపడతాయని రాజవైద్యుడు పదిరోజులపాటు రోజూ అతని నరం కోసి నెత్తురు తీశాడు. ఇప్పుడు పైడయ్య బావమరిది, ఇంకో బోయీ అయిన అప్పన్నను పట్టుకొచ్చారు. పైడయ్య భార్య నూకాలు కొలువుకి పరుగెత్తింది.

“మహాప్రభూ, మా ఆయన మోకాళ్ళకి రోజూ నేనే కాపడం పెట్టేదాన్ని. ఆ నొప్పుల నెత్తురు తమరికెందుకు? పల్లకీ దిగి నడవని వైద్యులుగారి నెత్తురు తీయించండి.”

వైద్యుడు అదిరిపడ్డాడు. “నాకూ మోకాళ్ళనొప్పులే ప్రభూ! పదేళ్ళుగా!”

“మరి ఈ పట్టు మీరెందుకు వేసుకోలేదయ్యా?” అంది నూకాలు.

రాజు అప్పన్నను వదిలేయమన్నాడు; నూకాలును కోటలోనే కొలువు చేసుకోమన్నాడు.

“ఈ మాట నాకు పదిరోజుల ముందు తట్టలేదు ప్రభూ,” అంది నూకాలు.

తమ్ముడితో మెట్లు దిగుతూ, మళ్ళీ ఈ కోట మొహం చూడకూడదనుకుంది. చూడలేదు.