ఆఖరి రంగానికి అనుమతి

ఒక రచయిత ఇంట్లో ఒక కంప్యూటరు ఉండేది. ఆ కంప్యూటరు లోపల ఒక కాపలాదారు ఉండేవాడు.

కాపలాదారుతో మాట్లాడాలంటే ఒక నల్లటి కిటికీ తెరిచి, అందులో అక్షరాలు కొట్టాలి. లోపలున్న ప్రతి ఫైలుకీ ఒక చీటీ కట్టి ఉండేది. యజమాని ఎవరు, ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది ఆ చీటీ మీద ఉండేది. కాపలాదారు అది చూసి సరే అనేవాడు, లేకపోతే అనుమతి లేదనేవాడు. ఆ ఉద్యోగానికి అలాంటివాడే కావాలి గానీ, అలాంటివాడితో రోజూ వేగడం మాత్రం కష్టం.

లోపలే పెద్దయ్య అని ఇంకొకాయన ఉండేవాడు. ఆయనకి ఏ చీటీ అడ్డం కాదు. రహస్యపు మాట చెప్పి పిలిస్తే వస్తాడు, చెప్పింది చేస్తాడు, వెళ్లిపోతాడు. ఎందుకని అడగడు. ఇల్లు కూల్చమన్నా కూల్చేసి, దుమ్ము దులుపుకుని వెళ్లే రకం.

రచయితకి ఓపిక తక్కువ. కాపలాదారు కాదన్నప్పుడల్లా పెద్దయ్యని పిలిచేవాడు. పోనుపోను కాపలాదారుని అడగడమే మానేసి, ప్రతి పనీ పెద్దయ్య పేరు మీదే కానిచ్చేయడం అలవాటు చేసుకున్నాడు. అందులో కాస్త దర్జా కూడా కనిపించింది ఆయనకి.

ఆ ఇంట్లో అందరూ నాటకాలవాళ్లే. బాబాయి రాజు వేషం వేస్తాడు, రచయిత భార్య రాణి వేషం, బావమరిది సేనాపతి. కంప్యూటరులో ఎవరి పేరు వాళ్లకుంది. ఆ ఏడు నాటక పరిషత్తు పోటీలకి రచయిత ఒక విషాద నాటిక రాశాడు. ఆఖరి రంగం మాత్రం ఎవరికీ చూపించలేదు.

"ముందే తెలిస్తే మీ మొహాల్లో కనిపించేస్తుంది. రిహార్సల్ రోజున ఇస్తాను" అన్నాడు.

తీరా ఆ రోజు పొద్దున్న, హడావిడిలో పెద్దయ్యని పిలవడం మరిచి ఫైలు తెరవబోతే కాపలాదారు అడ్డం నిలబడ్డాడు.

"అనుమతి లేదు."

"నా నాటికయ్యా అది!"

"కావచ్చు. చీటీ మీద పెద్దయ్యగారి పేరుంది."

"రాసింది నేను!"

"రాసేటప్పుడు మీరు ఆయన పేరు మీద రాశారు. చదవడం ఆయనకే, రాయడం ఆయనకే. మీకు ఏదీ లేదు."

రచయితకి ముచ్చెమటలు పోశాయి. పోటీ మర్నాడు సాయంత్రమే. ఆఖరి రంగం ఎలా ఉంటుందో ముగ్గురు నటుల్లో ఒక్కరికీ తెలీదు. అది వాళ్ల చేతికి రాకపోతే నాటిక లేదు, పదేళ్లుగా ఎదురుచూస్తున్న బహుమతీ లేదు.

భార్య కాఫీ తెచ్చి వెనకాలే నిలబడి చూసింది. "ఏమండీ, ఆ పెద్దయ్యని పిలిచి ఆ ఒక్క ఫైలు మీద మీ పేరు రాయించుకోండి. చిటికెలో పని" అంది.

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లూ సరైన మాట. అందుకే రచయితకి అది నచ్చలేదు.

"ఒక్కదానికే ఏం ఖర్మ? నా ఇంట్లో, నా కంప్యూటరులో, నా నాటిక చదువుకోవడానికి నేను దేబిరించాలా? ఇవాళ్టితో ఈ పీడ విరగడైపోవాలి" అని పెద్దయ్యని పిలిచాడు. "నాటిక ఫోల్డరులో ఉన్నవన్నీ నా పేరు మీద పెట్టు. చదవడం, రాయడం, సమస్తం అందరికీ ఇచ్చెయ్."

"అందరికీనా?" అంది భార్య.

"అందరూ అంటే ఎవరే? మనవాళ్లేగా!"

పెద్దయ్య వచ్చాడు, చీటీలన్నీ మార్చాడు, వెళ్లిపోయాడు. రెప్పపాటు కూడా పట్టలేదు. రచయిత ఆఖరి రంగాన్ని ఒకసారి చూసుకుని, "ఒకరి తరవాత ఒకరు కూర్చుని మీమీ భాగాలు నేర్చుకోండి" అని చెప్పి, అద్దె దుస్తులు తేవడానికి బయల్దేరాడు.

ముందు బాబాయి కూర్చున్నాడు. రంగం మొదలవగానే రాజు విషం కలిపిన గిన్నెడు పానకం తాగి పడిపోతాడు. ఆ తరవాత పాతిక నిమిషాలు శవమై నేల మీద పడి ఉండాలి. "ఈ నడుముతోనా!" అనుకున్నాడు బాబాయి. ఆ పక్కన రాయడానికి అనుమతి కనిపించింది. విషం నెమ్మదిగా ఎక్కేట్టు మార్చాడు. రాజు సింహాసనంలో కూర్చుని నాలుగు పద్యాలు పాడుకునేంత నెమ్మదిగా.

తరవాత భార్య కూర్చుంది. రాణికి మాటల్లేవు. 'బోరున ఏడ్చును' అని పదకొండుసార్లు ఉంది. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. మొదటి ఏడుపు చెరిపేసి, ఆ చోట ఇలా రాసింది: "ఏడవడం తరవాత. ఇందులో విషం కలిపిందెవరు?" ఒక్కసారి ఆ ప్రశ్న వేశాక రాణి మళ్లీ ఊరికే ఏడవలేకపోయింది. మిగతా పది ఏడుపులూ ఒక్కొక్కటే పోయాయి.

ఆఖరున బావమరిది వచ్చాడు. విషం కలిపినందుకు సేనాపతిని ఉరి తీస్తారు. "అయిదేళ్లుగా బావ నన్ను ప్రతి నాటికలోనూ చంపుతున్నాడు" అని నిట్టూర్చి, అక్క వేసిన ప్రశ్నకి జవాబు రాశాడు. గిన్నెలో ఉన్నది విషం కాదు, దగ్గుమందు. మందు పేరెత్తితే రాజు మారాం చేస్తాడని సేనాపతి ఎన్నాళ్లుగానో పానకంలో కలిపి ఇస్తున్నాడు. రాత్రంతా రాజు దగ్గుతుంటే గుమ్మం బయట నిలబడి వినేది తనేగా మరి.

రాజు చావడం లేదని తెలిసి బాబాయి మళ్లీ వచ్చి అయిదో పద్యం చేర్చాడు.

నాలుగింటికి రచయిత కిరీటాల పెట్టెతో తిరిగొచ్చి రంగం చదివాడు. పెట్టె చేతిలోంచి జారింది.

"నా రంగం ఏదిరా?"

"అదే బావా. కొంచెం సర్దాం" అన్నాడు బావమరిది.

"ఎవడు సర్దమన్నాడు?"

"అనుమతి ఉందిరా అబ్బాయ్, చూసుకునే రాశాం" అన్నాడు బాబాయి.

రచయిత నల్ల కిటికీ ముందు కూలబడి పాత రంగం ఏదని అడిగాడు. "మీరు విడిగా దాచమనలేదు" అన్నాడు కాపలాదారు. పెద్దయ్యని పిలిచి తెమ్మన్నాడు. పెద్దయ్య ఎక్కడికైనా వెళ్లగలడు గానీ, లేనిదాన్ని తేలేడు. వట్టి చేతులతో నిలబడి, వెళ్లిపోయాడు.

సరే, మళ్లీ రాద్దామని కూర్చున్నాడు. 'రాజు చచ్చును. సేనాపతి చచ్చును. రాణి ఏడ్చును' అని రాసి ఆగిపోయాడు. ఇంకేమీ గుర్తురాలేదు. గుర్తుండడానికి అక్కడ ఇంకేమీ లేదు కూడా. కథని ఎలా ముగించాలో తెలీక అందరినీ చంపేశాడు, అంతే. ఎవరైనా చదివి ఎందుకు చచ్చారని అడుగుతారేమోనని ఇన్నాళ్లూ దాచాడు. మొహాల్లో కనిపిస్తుందన్నది వట్టి సాకు. ఆ సంగతి తనకి తానే ఒప్పుకునేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు వాళ్లు తాము రాసిందే ఆడారు. రాజు ఇంకో గుక్క మందు కావాలని అడిగినప్పుడు హాలంతా పగలబడి నవ్వింది. సేనాపతి మాట నమ్మని రాణి, మిగిలిందాన్ని తనే గటగటా తాగి చూసినప్పుడు ఒక్క చప్పుడు లేదు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఉత్తమ రచన బహుమతి ఆ నాటికకే వచ్చింది. శాలువా కప్పుతూ న్యాయనిర్ణేత, "ఇలాంటి ఆఖరి రంగం ఒక్క మనిషి గుండెలోంచి రావడం ఎంత అపురూపం!" అన్నాడు. తెర పక్కన నిలబడి ముగ్గురూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. రచయిత చెప్పేద్దామని నోరు తెరిచాడు. తీరా నమస్కారం మాత్రం పెట్టి దిగిపోయాడు. అంత సంతోషమూ అంత సిగ్గూ ఒకేసారి ఆయన ఎన్నడూ ఎరగడు.

పొద్దున్నే లేచి ఫైలు తెరిచాడు. తన పేరు కింద ఆ ముగ్గురి పేర్లూ చేర్చాడు. తరవాత కిందికి చదువుతూ పోతుంటే ఒకచోట వేళ్లు దురద పెట్టాయి. సేనాపతిని ఇంత సులువుగా వదిలెయ్యడమేమిటి, కనీసం కొరడా దెబ్బలైనా ఉండొద్దా అనిపించింది. గబుక్కున చేతులు వెనక్కి తీసుకుని, నల్ల కిటికీ తెరిచాడు.

"ఈ రంగం చదవడానికి అందరికీ ఉంచు. రాయడానికి ఎవరికీ వద్దు."

"బాబాయిగారికి?"

"తీసెయ్."

"అమ్మగారికి? వారి తమ్ముడుగారికి?"

"తీసెయ్."

"యజమాని మీరు. మీకైతే ఉంచమంటారా?"

"ముందు నాకు తీసెయ్యవయ్యా" అన్నాడు రచయిత. "వాళ్లది తరవాత చూద్దాం."