బుజ్జిదూడ తెలగపిండి

సింహరాజు గారికి తన జూలంటే మహా పిచ్చి. దానికి పట్టించే నువ్వుల నూనె కోసమే అడవి అంచున గానుగ పెట్టించాడు. కళ్ళకి గంతలు కట్టించుకుని ఆ గానుగ తిప్పేది ఎర్రన్న అనే ఎద్దు. నువ్వుల బండి లాగేది అతని పెళ్ళాం కపిలమ్మ. పొద్దున్నే మెడమీద పడ్డ కాడి దిగేసరికి చీకటి పడేది. మరి వాళ్ళ దూడ బుజ్జిని మేపేదెవరు? అందుకే గానుగలో ఒక ఆనవాయితీ ఉండేది. అమ్మానాన్నా ఇద్దరూ పనిలో ఉన్న ఇంటికి, నువ్వులు ఆడగా మిగిలిన తెలగపిండి కాస్త, పిల్లల పేరు చెప్పి పంపేవాళ్ళు. బుజ్జి ఆ పిండి తినే ఇంతదయింది.

అది కాస్తా రాజుగారి కొట్టు లెక్కలు చూసే పేష్కారు నక్క కంట్లో పడింది. ఖర్చు తగ్గించి రాజుగారి మెప్పు కొట్టేయాలని వాడి తాపత్రయం. కొట్టు నిండా సరుకు పెట్టుకుని, తగ్గించడానికి వాడికి దూడ మూతి దగ్గర పిండే దొరికింది చూడండి.

"ఎర్రన్నా, రేపట్నించి పిండి లేదు" అన్నాడు.

"అదేంటి బాబూ, మేం పని మానలేదే."

"మానలేదు కాబట్టే. పనిచేసేవాడివి, నీ బిడ్డని నువ్వు సాకలేవా? ఇంకాస్త ఎక్కువ తిరుగు."

"ఎక్కువ తిరిగితే ఎక్కువ పెడతారా?"

"పెట్టం. సొంత కాళ్ళమీద నిలబడ్డానన్న తృప్తి ఉంటుంది."

"ఇన్నాళ్ళూ ఎవరి కాళ్ళమీద నిలబడ్డానో మరి" అని గొణుక్కున్నాడు ఎర్రన్న.

చూస్తుండగానే బుజ్జి పక్కటెముకలు బయటపడ్డాయి. కపిలమ్మ తన గడ్డిలో సగం దాని ముందుకి నెట్టి, మర్నాడు బండి లాగలేక దారిలోనే కూలబడింది.

"ఇలాగే ఉంటే పిల్ల మనకి దక్కదయ్యా. వెళ్ళి రాజుగారిని అడుగు" అంది కపిలమ్మ.

"నేనడిగితే వినడు. పేష్కారు చేతే చెప్పిస్తాను, నువ్వు చూస్తూ ఉండు."

శనివారం సింహరాజు తలంటు నూనె కోసం గానుగ దగ్గరికొచ్చాడు. పక్కనే నక్క. గంతలతో తిరుగుతూనే ఎర్రన్న అందుకున్నాడు.

"పేష్కారు గారూ, నాది మందబుర్ర. పిండి ఎందుకు ఆపారో ఇంకోసారి చెప్పండి. రాజుగారూ వింటారు."

నక్కకి కావలసిందీ అదే. గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, పనిలో ఉన్నవాళ్ళ పిల్లలకి తమ కొట్లోంచి గింజ కూడా వెళ్ళకూడదు. ఎంతటివాడైనా తన పిల్లల తిండి తానే చూసుకోవాలి. ఇది నేను పెట్టిన కట్టుబాటు."

"భేష్" అన్నాడు సింహరాజు.

"ఎంతటివాడైనానా బాబూ?" అన్నాడు ఎర్రన్న.

"ఎంతటివాడైనా."

"అయితే రోజూ పొద్దున్నే కొట్లోంచి ఎండుచేపల బుట్ట ఒకటి నా ముందునుంచే పోతోంది. అదెవరింటికి?"

నక్క తోక కాళ్ళ మధ్యకి పోయింది. "గంతలు కట్టుకున్నవాడివి, నీకెలా కనబడింది?"

"కనబడలేదు బాబూ. గంతలు కళ్ళకే కట్టారు, ముక్కు ఖాళీగానే ఉంది."

సింహరాజు నక్కవైపు తిరిగాడు. "ఎవరింటికి పేష్కారూ?"

"మా ఇంటికే ప్రభూ. నేను పొద్దస్తమానం దర్బారులో, మా ఆవిడ తమ అంతఃపురంలో. మరి పిల్లలకి వేటాడి పెట్టేదెవరు?"

"మేమూ ఆ మాటే అంటున్నాం" అంది బండి దగ్గర్నించి కపిలమ్మ.

"కట్టుబాటు నీదే కదా పేష్కారూ. రేపట్నించి చేపలు బంద్" అన్నాడు సింహరాజు.

ఇక చూడండి వాడి అవస్థ. పగలంతా దర్బారు, రాత్రంతా పీతల వేట. పిల్లలేమో ఆకలికి తోక పట్టుకుని పీకుతున్నాయి. చివరికి వాడే రాజుగారి కాళ్ళమీద పడ్డాడు. "ప్రభూ, తొందరపడ్డాను. కట్టుబాటు ఎత్తేద్దాం."

"ఎత్తేస్తే అందరికీ ఎత్తేస్తాను. ముందు దూడ పిండి, తర్వాతే నీ చేపలు. పిండి నువ్వే మోసుకెళ్ళు."

పేష్కారు గారు తట్ట నెత్తిన పెట్టుకుని రొప్పుతూ వచ్చి దించాడు. బుజ్జి కడుపునిండా తిని, పిండి మూతిని ఆయన వీపుకే తుడుచుకుంది.

కష్టపడేవాడి బిడ్డ కంచం లాగేముందు, తన బిడ్డ కంచం ఎవరు నింపుతున్నారో చూసుకోవాలి.