పెట్రోలు అడుగున

దస్తగిరి ఉస్తాద్‌కు ఒక అలవాటుంది. ఎంత మొండి బండినైనా దారికి తెస్తాడు, ఏం చెడిందో కూడా చెబుతాడు. ఎవరి వల్ల చెడిందో మాత్రం చెప్పడు. గుచ్చి గుచ్చి అడిగితే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "నడుస్తుందిలే, తీసుకుపో" అంటాడు. మార్కాపురంలో ఆయన షెడ్డుకు వచ్చేవాళ్లంతా దీనికి అలవాటు పడ్డారు. పని నేర్చుకోవడానికి చేరిన వెంగమ మాత్రం పడలేదు. ఏ సంగతైనా సగంలో ఆగితే ఆమెకు అన్నం సయించదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"కనిపెట్టేదీ మనమే, కడుపులో దాచుకునేదీ మనమేనా ఉస్తాద్? చేసినవాడెవడో చెబితే వాళ్ల జాగ్రత్తలో వాళ్లుంటారు కదా."

అప్పుడే ఇద్దరు ఒక పాత బండిని తోసుకుంటూ రోడ్డు దిగుతున్నారు. ఉస్తాద్ దాన్ని చూపించి, "ఇది నువ్వు చూడు. చెప్పాల్సింది కూడా నువ్వే చెప్పు," అని టీ గ్లాసుతో నీడలోకి జరిగాడు.

హ్యాండిలు పట్టుకున్నవాడు తిరుపాలు, పలకల గనిలో పని చేస్తాడు. వెనక నుంచి రొప్పుతూ తోస్తున్నది వాళ్లమ్మ ఈశ్వరమ్మ. ఓబులేసు అనే స్నేహితుడి దగ్గర ఈ మధ్యే కొన్నాడట ఆ బండిని. మొదట్లో బాగానే తిరిగింది. తర్వాత పొద్దున లేస్తే మొరాయింపే. రేపు కూడా వేళకు రాకపోతే ఇంక రానక్కర్లేదని మేస్త్రీ తెగేసి చెప్పాడు.

"తొక్కీ తొక్కీ నేను స్టార్టయ్యేట్టున్నానక్కా, ఇది మాత్రం కావట్లేదు," అన్నాడు తిరుపాలు.

వెంగమ ప్లగ్గు విప్పి చూసింది. నిప్పురవ్వ బాగానే వస్తోంది. ట్యాంకులో పెట్రోలుంది. కార్బొరేటర్ విప్పాక ఆమె చెయ్యి ఆగిపోయింది. అడుగున తెల్లగా, మెత్తగా మడ్డి పేరుకుని, పెట్రోలు పోయే సన్నటి బెజ్జాన్ని పూడ్చేసింది. ట్యాంకు అడుగు పెట్రోలును సీసాలోకి దింపి చూసింది. అందులోనూ అదే. తుప్పయితే ఎర్రగా ఉండాలి. రోడ్డు దుమ్మయితే ఇంత తెల్లగా ఉండదు.

ఆమె ఉస్తాద్ వైపు చూసింది. ఆయన టీ ఊదుకుంటున్నాడు.

"ఇది దానంతటది వచ్చింది కాదు తమ్ముడూ. ఎవరో పనిగట్టుకుని పోస్తున్నారు. నువ్వంటే గిట్టనివాడెవడో ఉన్నాడు."

"ఓబులేసే," అన్నాడు తిరుపాలు. "ట్యాంకు తెరిచే రెండో తాళం ఇంకా వాడి దగ్గరే ఉంది."

పనిముట్లలోంచి పెద్ద స్పానరు తీసుకున్నాడు. అరవలేదు, తిట్టలేదు. నిమ్మళంగా రోడ్డు వైపు నడిచాడు.

షెడ్డు దాటబోతుండగా ఈశ్వరమ్మ అడ్డం వచ్చి, ఆ స్పానరును రెండు చేతులా పట్టుకుంది.

"నేనే పోశాను నాయనా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"విభూతి," అందామె. "మీ నాయన్ని బండే గదా పొట్టన పెట్టుకుంది. తాయెత్తు కడితే తెంపేశావు. హ్యాండిలుకు దారం చుడితే నలుగురూ నవ్వుతారన్నావు. ట్యాంకులో వేస్తే నువ్వు తియ్యలేవు గదా అనుకున్నా. తాళం మేకుకే ఉంటుంది. నువ్వు లేవకముందే వేసేదాన్ని. అది కదలనప్పుడల్లా, దిష్టి గట్టిగా తగిలిందేమోనని ఇంకాస్త ఎక్కువ వేశా."

తిరుపాలు వేళ్లు సడలాయి. స్పానరు తల్లి చేతుల్లో ఉండిపోయింది. అతను అక్కడే నేల మీద చతికిలపడ్డాడు.

"పాడు బండి అంటగట్టాడని నిన్న వాడి గుమ్మంలో, వాడి పిల్లల ముందు వాణ్ణి దొంగనాకొడుకన్నానే అమ్మా. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు."

ఆ తల్లి బండి తోయడానికి రాకుండా ఇంటి దగ్గరే ఉండి ఉంటే? ఆపైన వెంగమ ఊహించలేకపోయింది.

ఉస్తాద్ లేచి వచ్చాడు. ట్యాంకు కడిగాడు, బెజ్జం ఊదాడు, అన్నీ బిగించాడు. రెండో కిక్కుకే బండి అందుకుంది. ఆ చప్పుడుకు సంతోషించినవాళ్లు ఎవరూ లేరు. బండెక్కాలంటేనే హడలిపోయే ఈశ్వరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కొడుకు వెనక కూర్చుంది. "ముందు ఓబులేసు ఇంటికి పోనీ. చెప్పాల్సింది నేను," అంది.

వాళ్లు వెళ్లాక కూడా వెంగమ సీసా పట్టుకుని నిలబడే ఉంది. "ఉస్తాద్, నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

ఆయన సీసా అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"విభూతి కార్బొరేటర్‌లో దొరికింది. బాగానే పట్టావు," అన్నాడు. "ఆ గిట్టనివాడు ఏ పార్టులో దొరికాడమ్మాయ్?"