వైనుకు ముందు మంచినీళ్ళు

విస్సన్న మాస్టారికి ఒక అలవాటుండేది. ఎంత గొప్ప సీసా ఎదుట పెట్టినా, దాని జోలికి వెళ్ళకముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తెప్పించుకునేవారు. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఎవరో పిలిస్తే ఆలకిస్తున్నట్టు కాసేపు కూర్చునేవారు. ఆ తరువాతే వైను. ఆచారం గల ఇంట పుట్టినవారు కనుక అది ఔపోసన అని శిష్యుల్లో కొందరు అనుకున్నారు. నోరు శుభ్రం చేసుకోవడమని తెలివైనవాళ్ళు అనుకున్నారు. ఎవరూ అడగలేదు. అక్కడ విస్సన్న చెప్పిందే వేదం, చెప్పనిది అంతకంటే వేదం.

ఆయన వయసులో ఉండగా ఓడల్లో భోజనశాల పని చేసి, ఇటలీ ఉత్తరాన కొండల మధ్య ఒక వైను దొర దగ్గర చాలాకాలం ఉండి, చివరికి విశాఖపట్నం చేరారు. హోటళ్ళలో పనిచేసే పిల్లలకు వైను వాసన పట్టడం, రుచి చూడడం నేర్పేవారు. వీధివాళ్ళు చాటుగా తాగుబోతుల పంతులు అనేవారు. పాపం, ఆయన రోజు మొత్తం మీద చెంచాడు కూడా మింగేవారు కాదు. రుచి చూసినదంతా ఉమ్మేసేవారు. ఇది తెలిశాక నిజమైన తాగుబోతులు ఆయన్ని బొత్తిగా గౌరవించడం మానేశారు.

శిష్యుల్లో హైమవతి అనే భీమిలి అమ్మాయి ఉండేది. ముక్కు చురుకైనది, మనిషి పిరికిది. ఒంటరిగా కూర్చోబెడితే గ్లాసులో ఉన్నదేదో పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పేది. నలుగురి ముందు నిలబెడితే నోరు పెగిలేది కాదు. ఒకనాడు పాఠం అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, మాస్టారిని అడిగింది.

"మాస్టారూ, జనం చూస్తుంటే భయంతో నా నోరెండిపోతుంది. ఎండిన నోటికి రుచి ఎలా తెలుస్తుంది?"

మాస్టారు సీసాలు సర్దుతూ, ఎల్లుండి సాయంత్రం గోపాలరాజు గారింట్లో సీసా తియ్యాలని, తాను వస్తాను గాని మూత తీసేదీ రుచి చెప్పేదీ ఆమేనని అన్నారు.  ఆ సీసా సంగతి హైమవతికే కాదు, ఊళ్ళో చాలామందికి తెలుసు.

గోపాలరాజు గారి తండ్రి ఓడలో ఇంజనీరు. ఆయనకు ఇద్దరు కొడుకులు. ఒక్కొక్కరూ పుట్టిన ఏటి ద్రాక్షతో చేసిన బరోలో అనే ఎర్ర వైను, కొడుక్కొక సీసా చొప్పున, ఇటలీలోని జెనోవా రేవులో కొని తెచ్చారు. ఆ దేశంలో పిల్లల పేరిట సీసా దాచే ఆచారం ఉందట. దానికి మన అరవయ్యేళ్ళ లెక్క జోడించి, షష్టిపూర్తి నాడు తియ్యండిరా అని చెప్పి ఆయన కన్నుమూశారు. రెండేళ్ళ కిందట పెద్దకొడుకు తన సీసా తీశారు. ఊరగాయ కడిగిన నీళ్ళలా పులిసి ఉంది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. మళ్ళీ ఉగాది రాకముందే ఆయన పోయారు.

అప్పటినుంచి గోపాలరాజు గారికి నవ్వు రాలేదు. ఆయన పుట్టిన క్రోధి సంవత్సరం తిరిగి వచ్చింది. గండం ఉందని సిద్ధాంతి చెబితే శాంతులన్నీ చేయించారు. తుపానుల్లో బోట్లు వేసుకుని సముద్రం మీదికి పోయిన మనిషి, ఇంట్లో కొట్టుగది తలుపు తియ్యడానికి జంకేవారు. ఆ గదిలో ఊకబస్తాలో ఆ సీసా పడుకుని ఉంది. అది పులిస్తే తన పనీ అయిపోయినట్టేనని ఆయన నమ్మకం. పారేద్దామని భార్య సీతాయమ్మ గారు పోరారు. పారేస్తే అందులో ఏముండేదో అనుకుంటూ అదే దిగులుతో పోతానని ఆయన అన్నారు. అన్నగారి సీసా హాల్లో అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి నిలబడి ఉంది కనుక బిరడా ఎండి, గాలి చొరబడి పులిసిందని, అందులో వింతేమీ లేదని మాస్టారు నచ్చజెప్పారు. రాజుగారు విన్నారు, తలూపారు. భయానికి తల ఉంటుంది గాని చెవులుండవు.

ఆ రోజు పొద్దున్న షష్టిపూర్తి తంతు ముగిసి, పురోహితులూ చుట్టాలూ వెళ్ళిపోయారు. సాయంత్రం భోజనాల గదిలో మిగిలింది నలుగురే. మడ్డి అడుక్కి దిగాలని సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచారు. మాస్టారు మూల కుర్చీలో పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా కూర్చున్నారు. ఎవరు మూత తీస్తే వాళ్ళే ముందు రుచి చూసి చెప్పాలన్నది ఆ విద్యలో రివాజు. హైమవతి బిరడాలోకి మర దించి లాగింది. సగం వచ్చి, సగం లోపల విరిగింది. గోపాలరాజు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. సీతాయమ్మ గారు తాళి కళ్ళకద్దుకున్నారు. మిగతా సగాన్ని పొడి రాలకుండా బయటికి తియ్యడానికి హైమవతికి చెమటలు పట్టాయి. తరువాత కొవ్వొత్తి వెలుగులో సీసా మెడ చూసుకుంటూ, వెడల్పాటి గాజు కూజాలోకి నెమ్మదిగా వంచింది. మడ్డి మెడ దాకా రాగానే ఆపింది. రంగు ఎరుపు కాదు, పాత ఇటుక రంగు.

గ్లాసులో కాస్త పోసుకుని వాసన చూసింది. మూతపడ్డ నూతి వాసన, తడిసిన గోనెపట్టా వాసన. ఒక గుక్క తీసుకుంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఒకటే వగరు, వగరు వెనక చేదు. ఇంత పాత వైనులో వగరు ఎప్పుడో అణిగిపోయి ఉండాలని ఆమె చదువుకుంది. వాసన చెడి, వగరూ చేదూ తప్ప మరేమీ తగలకపోతే ఇక అది చచ్చిన వైనే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. తలెత్తి చూస్తే గోపాలరాజు గారు కళ్ళు తెరిచి ఆమె పెదాల వంకే చూస్తున్నారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పోయిందా, అమ్మా?" అని అడిగారు, చాలా మెల్లిగా.

బాగుందండి అంటే ఆయన తాగుతారు, అబద్ధం ఆయన నాలుక మీదే బయటపడుతుంది. పోయిందంటే ఆ మనిషి ఆ కుర్చీలోంచి లేస్తారన్న నమ్మకం ఆమెకు లేదు. ఒకరి చావు కబురు తన నోట్లో పెట్టుకుని నిలబడ్డట్టు అనిపించి, పారిపోదామనుకుంది. నిజానికి ఒక అడుగు వెనక్కి వేసింది కూడా.

అప్పుడు మాస్టారు లేచారు. బల్లమీదున్న స్టీలు జగ్గులోంచి నాలుగు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి, రాజుగారి ముందొకటి, సీతాయమ్మ గారి ముందొకటి, హైమవతి ముందొకటి పెట్టి, నాలుగోది తాను తీసుకున్నారు. ముందు ఇవి ఎలా ఉన్నాయో చెప్పండి అన్నారు. ప్రాణం మీదికొస్తే ఈ నీళ్ళ గొడవేమిటని రాజుగారికి కోపం వచ్చినట్టే ఉంది. అయినా పెద్దాయన మాట కాదనలేక తాగారు. తాగి ముఖం చిట్లించి, ఇవెక్కడి నీళ్ళు, చేదుగా ఉన్నాయి అన్నారు. ఇంట్లో నీళ్ళను అంటే ఊరుకునే ఇల్లాలు కాదు సీతాయమ్మ గారు. పొద్దున్న వందమంది తాగిన నీళ్ళేనండీ అంటూ తానూ ఒక గుక్క వేసుకున్నారు. వేసుకుని, గ్లాసు పక్కన పెట్టి జగ్గులోకి తొంగి చూశారు.

హైమవతి తాగింది. నాలుక అంగిట్లో అతుక్కుంది. అదే వగరు, దాని వెనక అదే చేదు. ఇందాక వైనులో దొరికినదంతా ఈ నీళ్ళలోనూ ఉంది, ఒక్క పిసరు తేడా లేకుండా.  ఇంకొక్క క్షణంలో తాను ఏం చెప్పబోయిందో తలుచుకునేసరికి మునుపటికంటే ఎక్కువ భయం వేసింది.

మాస్టారు కూజా వంక చెయ్యి చూపించి, "ఈ చేదు మనం తెచ్చుకున్నది. దీన్ని మినహాయించి, అందులో ఏముందో చూడు" అన్నారు.

ఎవరి భయమూ పోయిందని నేను చెప్పను. దానికంటూ ఒక గ్లాసు ఏర్పడింది, అంతే. హైమవతి కాసేపు ఆగింది. ఈలోగా గాలి తగిలి, కూజాలో గోనెపట్టా వాసన దానంతటది విడిచిపోయింది. పాత వైన్లకు అది మామూలేనని ఆమెకు పాఠంలో చెప్పిందే. భయంలో ఆ పాఠం గుర్తు రాలేదు. మళ్ళీ ఒక గుక్క తీసుకుంది. నీళ్ళలో దొరికిన చేదును నీళ్ళకే వదిలేసింది. మిగిలిన దానిలో వాడిన దండలోని గులాబీ రేకులున్నాయి. ఎండుఖర్జూరం ఉంది. ఎండకు కాగిన తారురోడ్డు వాసన లీలగా ఉంది. అన్నిటి కిందా సన్నటి పులుపు, ఇంకా నిటారుగా నిలబడి ఉంది. కానీ అంతా పలచన, తాకీ తాకగానే జారుకుంటోంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"బతికే ఉందండి" అంది. "కానీ ఎక్కువసేపు ఉండదు. ఇప్పుడే తాగాలి."

ఇంత శుభదినాన ఆ రెండోమాట ఎందుకమ్మా అని సీతాయమ్మ గారు ఉలిక్కిపడ్డారు.  గోపాలరాజు గారు కూజా అందుకుని, తానే గ్లాసులోకి వంచుకుని తాగారు. రెండో గుక్కకు ఆయన కళ్ళు నిండాయి. నాన్న ఓడ దిగి వచ్చినప్పుడు కోటు జేబులో ఇలాంటి వాసనే ఉండేదని, అన్నయ్యకు ఇది దక్కలేదని అంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అన్న పోయిన దగ్గర్నుంచి ఆయన భయపడ్డారే గాని ఏడవలేదని సీతాయమ్మ గారు తరువాత చెప్పారు. ఆమె కూడా భర్త గ్లాసు పెదాలకు తాకించి, కషాయం తాగినట్టు ముఖం పెట్టి, ఇందుకేనా ఇంత రాద్ధాంతం అన్నారు. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

వడ్డన మొదలయ్యేసరికి కూజాలో మిగిలింది పులుపుకు తిరిగింది. రాజుగారు వాసన చూసి పసిగట్టారు. ముఖం మళ్ళీ మొదటిలాగే పాలిపోయింది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన కూజా పక్కకు జరిపి, మంచినీళ్ళ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, ఇంకా చేదుగానే ఉన్నాయని మాస్టారితో చెప్పి, విస్తరి ముందు కూర్చున్నారు. పప్పు రెండుసార్లు వడ్డించుకున్నారు.

తిరిగి వస్తూ బీచిరోడ్డు మీద నడుస్తున్నప్పుడు, హైమవతికి మాస్టారి గ్లాసు గుర్తొచ్చింది. ఆయన కూడా తాగారు గాని, ఎలా ఉన్నాయో ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ అనుభవం తరువాత మీకు మంచినీళ్ళు మంచినీళ్ళలాగే ఉండి ఉంటాయి కదా మాస్టారూ అని అడిగింది.

మాస్టారు సముద్రం వైపు చూస్తూ, "ఎప్పటిలాగే చేదుగానే ఉన్నాయమ్మా" అన్నారు. "తియ్యగా ఉన్న రోజున మాత్రం నా చేతికి సీసా ఇవ్వకండి."