నాడి పట్టిన చెయ్యి

హిమజకి గురువుగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. నాడి పట్టుకుంటే ఆయన ఒక పట్టాన వదలరు.

పలాసలో డాక్టర్ వైకుంఠరావు గారికి జ్వరాల దగ్గర ఎంత పేరుందో మనసు జబ్బుల దగ్గరా అంతే ఉంది. రెండు చదువులూ చదివి, రెండు వైద్యాలూ ఒకే బల్ల దగ్గర చేసేవారు. మోకాలి నొప్పని వచ్చినావిడ చెయ్యి అందుకుని అలాగే కూర్చుండిపోయేవారు. కాసేపటికి ఆవిడ మోకాలి సంగతి వదిలేసి మొగుడి తాగుడు గురించో, పట్టని నిద్ర గురించో మొదలుపెట్టేది. బయట వరుస వీధిలోకి పాకేది. "ఆయన దగ్గర మందు తక్కువ, కూర్చోబెట్టడం ఎక్కువ" అని ఊళ్లో వేళాకోళం చేసేవారు. మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు.

హిమజ కూడా ఆ రెండు చదువులూ పూర్తిచేసి, పని నేర్చుకోడానికి ఆయన దగ్గర చేరింది. చురుకైన పిల్ల. "వేలికి తగిలించే మిషనుంది కదా సార్, నాడికి అంతసేపెందుకు?" అని ఓసారి అడిగేసింది. ఆయన నవ్వి, తర్వాతి రోగి చెయ్యి అందుకున్నారు.

ఆయన కంటి ఆపరేషనై ఇంటిపట్టున ఉండాల్సి రావడంతో ఆస్పత్రి ఆమె చేతికొచ్చింది. వెంటనే పద్ధతి మార్చేసింది. ఒంటి జబ్బులు పొద్దున్నపూట ముందు గదిలో. మనసు జబ్బులు గురువారం మధ్యాహ్నం వెనక గదిలో, తీరిగ్గా. వరుస చకచకా కదిలింది. వెనక గదికి వెళ్లాలంటే మాత్రం బెంచీల మీద కూర్చున్నవాళ్లందరి ముందు నుంచీ నడవాలి. జనం దానికి పిచ్చిగది అని పేరు పెట్టేశారు. ఆ పేరు హిమజ చెవిన పడలేదు.

తవిటమ్మ జీడిపిక్కలు కొట్టే మనిషి. జీడి నూనెకి వేళ్లు మాడిపోయి నల్లగా ఉండేవి. "ఏటోనమ్మా, ఏది తిన్నా లోపల మంటెత్తిపోతంది" అంటూ పదేపదే వచ్చేది. చివరిసారి మందుచీటీ చేతికిచ్చినా లేవలేదు. కొంగు మెలిపెడుతూ కూర్చుంది.

హిమజ కనిపెట్టేసింది. కనిపెట్టలేదని ఎవరూ అనలేరు. "ఇది కడుపు జబ్బు కాదు తవిటమ్మా, మనసులో ఏదో ఉంది. గురువారం మధ్యాహ్నం వెనక గదికి రా, అన్నీ మాట్లాడుకుందాం" అంది మెత్తగా.

"ఆ గదిలో డాక్టరు ఎవులమ్మా?"

"నేనే."

"మరిక్కడా నువ్వే కదేటమ్మా?"

"బయట జనం ఎంతమంది ఉన్నారో చూడు."

తవిటమ్మ తలుపు వైపు చూసింది. సరేనని లేచింది.

గురువారం హిమజ వెనక గదిలో ఎదురుచూసింది. తవిటమ్మ రాలేదు. ముందురోజే తన ప్రాణం తానే తీసుకుందని సాయంత్రానికి కబురొచ్చింది.

మర్నాడు హిమజ గురువుగారింటికి వెళ్లింది. ఆయన నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. విషయం ఆయనకీ తెలిసింది.

"నేనీ పని మానేస్తాను సార్. రోగుల మొహం చూడక్కర్లేని ఉద్యోగం ఏదైనా వెతుక్కుంటాను" అంది, నిలబడే.

"కూర్చోమ్మా. ఒంట్లో ఎలా ఉంది?"

"తలనొప్పి. మాత్ర ఉంటే ఇప్పించండి, వెళ్లిపోతాను."

ఆయన చెయ్యి చాచి ఆమె మణికట్టు అందుకున్నారు. అలవాటు కొద్దీ హిమజ కూడా మనసులో లెక్కపెట్టుకుంది. లెక్క అయిపోయింది. ఆయన వదల్లేదు. ఆయన భార్య తెచ్చిపెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది.

"అయిపోయిందా సార్?"

"నా లెక్కైతే ఎప్పుడో అయిపోయిందమ్మా."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగిపోయింది. "అడిగింది సార్" అంది. "ఇక్కడా నువ్వే కదా అని అడిగింది. నేను జనాన్ని చూపించాను." అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆమెకి వచ్చిన కష్టమేమిటో కూడా నాకు తెలీదు సార్."

ఆయన వింటూ కూర్చున్నారు. చెయ్యి అలాగే ఉంది.

చాలాసేపటికి తేరుకుని అడిగింది. "మీరైతే బతికించేవారు కదా సార్?"

నల్లద్దాల కింద నుంచి ఆయన చెంప మీదికి నీళ్లు జారాయి. కన్ను తడవకూడదని ఆపరేషను చేసిన డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"తెలీదమ్మా. ఇలా పట్టుకుని ఉండగానే పోయినవాళ్లున్నారు నాకు."

హిమజ మీగడ కట్టిన కాఫీ తాగి లేచింది. మాత్ర మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున్న ఆస్పత్రి తలుపులు ఆమే తీసింది. వరుసలో ముందు తవిటమ్మ తల్లి కూర్చుని ఉంది.

"బీపీ మాత్రలు అయిపోనాయమ్మా" అంది ముసలావిడ.

హిమజ బల్ల మీదున్న వేలి మిషను పక్కకి జరిపి ఆమె చెయ్యి అందుకుంది. ఆ వేళ్లు కూడా నల్లగానే ఉన్నాయి. లెక్క అయిపోయింది. బయట ఎవరో విసుక్కుంటున్నారు.

హిమజ చెయ్యి వదల్లేదు.