పైడమ్మ తలలో కొత్త గది

ఒకప్పుడు పైడమ్మ అనే ఎలుక ఉండేది. వయసు ఏడు నెలలు. ఎక్కడికి వెళ్ళినా గోడ వారగానే నడిచేది.

అందులో ఆమె తప్పేం లేదు. ఆ రోజుల్లో ప్రతి జంతువు తలా ఒంటిగది ఇల్లు. ఆ గదిలో గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని భయం పడుకునేది. కాలు బయట పెట్టాలంటే దాన్నే అడగాలి. "గోడ వదలకు" అనేది భయం. పైడమ్మ వదిలేది కాదు.

పిల్లల్ని కన్నా అంతే. పొట్ట పెరిగేది, పాలు పడేవి, తల మాత్రం పాతదే.

పైడమ్మ కళ్ళం పక్కన గడ్డివాము కింద కనింది. కనగానే వెనక్కి తిరిగి చూసింది. ఆరు పిల్లలు! ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు తెరవకుండా ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. పైగా ఆ వాసన! పైడమ్మ ముక్కు ముడుచుకుని వెనక్కి జరిగింది.

ఎలుకలకి పెద్ద పోలయ్య తాత చూడ్డానికి వచ్చాడు.

"తాతా, వీటినేం చేయాలి?" అని అడిగింది పైడమ్మ.

"తల్లివి కదమ్మా, నీకే తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుంది? నిన్నటిదాకా నేను తల్లిని కాదు కదా!"

"తల్లికి ఒకరు చెప్పాలా?"

"అయితే నీకూ తెలీదన్నమాట."

పోలయ్య తాత మీసాలు సవరించుకుని, పనుందంటూ వెళ్ళిపోయాడు.

పైడమ్మ మొగుడు అప్పలసూరికి తాత మాట తెగ నచ్చింది. పిల్లల పని తప్పించుకోవాలనుకునే వాళ్ళందరికీ నచ్చే మాటే అది. "విన్నావుగా, నీకే తెలుస్తుందట" అని చెప్పి, నువ్వులు నమలడానికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే పైన ఒకటే చప్పుడు. ఇంటికప్పు కోసం మనుషులు గడ్డివాము పీకుతున్నారు. కాసేపట్లో వాము ఉండదు. పిల్లల్ని కళ్ళం అవతల మట్టిగోడలో ఉన్న బొరియకి చేర్చాలి. మధ్యలో ఉన్నదంతా నున్నగా అలికిన బయలు. ఒదగడానికి గోడ లేదు, దాక్కోవడానికి గడ్డిపరక లేదు. పైన గద్ద తిరుగుతోంది.

"పిల్లల్ని వదిలేసి నువ్వు పరిగెత్తు" అంది భయం. "బతికుంటే మళ్ళీ కనొచ్చు."

పైడమ్మ లేచింది కూడా. అప్పుడు ఆమె ఒంట్లో పాలకి కోపం వచ్చింది.

"మేం ఎవరికోసం వచ్చాం? తాగేవాళ్ళని వదిలేసి పోతుంటే చూస్తూ ఊరుకుంటామా?" అన్నాయి. ఒంట్లో ఉన్న రసాలన్నిటినీ వెంటేసుకుని, నెత్తుటి వాగులో ఎదురీదుతూ తల దాకా వెళ్ళి తలుపు తట్టాయి.

"ఎవరూ?" అంది భయం, మంచం దిగకుండా.

"మేం, పాలం. గుమ్మం దగ్గర్నించి కాస్త జరుగమ్మా."

"ఈ పైడమ్మ పుట్టినప్పటినుంచీ నేనిక్కడే ఉన్నాను. నిన్న వచ్చినవాళ్ళు నన్ను జరగమంటారా?"

"అయితే మంచంతో సహా ఎత్తేస్తాం."

ఎత్తేశాయి. వెనక మూలకి చేర్చాయి.

"బాబోయ్, నన్ను పూర్తిగా గెంటేయకండి! గద్ద వస్తే కేకేసేది ఎవరు?" అని ఏడ్చింది భయం.

"కేకెయ్యి, ఎవరు వద్దన్నారు? ఇకమీద పైడమ్మ ఒక్కదానికోసమే కాదు, పిల్లల కోసం కూడా కేకెయ్యి" అన్నాయి పాలు.

ఆ తర్వాత గది సర్దడం మొదలుపెట్టాయి. అబ్బో, ఎంత సామాను! పోయిన కోతల్లో ఎవరేమన్నారు, ఎవరి తోక పొడుగు, శనగలు ఎక్కడ దాచింది, అన్నీ కుప్పగా పడున్నాయి. పాలు చాలామటుకు తీసి బయట పారేశాయి. ఖాళీ అయిన చోట కొత్త గది కట్టాయి. ముక్కు లోపలంతా కడిగాయి. చెవి కిటికీని ఇంకాస్త వెడల్పు చేశాయి.

పైడమ్మ గాలి పీల్చింది. నిన్నటి వాసనే. కానీ ఇప్పుడది కొత్త బెల్లం వాసనలా ఉంది! ఇంతకుముందు వినపడని సన్నటి ఏడుపు కూడా వినపడింది. ఏ ఏడుపు ఎవరిదో విడివిడిగా తెలుస్తోంది.

ఇక ఆగలేదు. ఒక పిల్లని నోట కరుచుకుని కళ్ళం నట్టనడుమ పరిగెత్తింది. బొరియలో దించింది. మళ్ళీ వచ్చింది, ఇంకోదాన్ని తీసుకెళ్ళింది.

"ఒసే పైడీ! గోడ వార, గోడ వార!" అని అవతల నుంచి అరుస్తున్నాడు అప్పలసూరి. ఆమె నోట్లో పిల్ల ఉంది కాబట్టి బతికిపోయాడు. లేకపోతే జవాబు వినేవాడు.

ఆఖరి పిల్లతో సగం దూరం వచ్చేసరికి గద్ద దిగింది. వెనక మూల నుంచి భయం కేకేసింది. పైడమ్మ పిల్లని కింద పెట్టి, వెనక కాళ్ళ మీద లేచి, పళ్ళు బయటపెట్టి గద్ద మీదికే ఉరికింది.

గద్ద బిత్తరపోయింది. "ఇదేమిటి? పారిపోవాల్సింది అది కదా!" అనుకుంటూ, సంగతేమిటో ఆలోచించుకోవడానికి పైకి ఎగిరింది. అది ఆలోచించుకునేలోపు పైడమ్మ బొరియలో ఉంది. పిల్లలన్నీ ఉన్నాయి.

ఇప్పుడు పైడమ్మకి కరకరా ఆకలేసింది.

"నువ్వు పిల్లల దగ్గర కూర్చో, నేను తినొస్తాను" అంది మొగుడితో.

"నేనా! నా తలలో అలాంటివి ఉండవే. మీ ఆడవాళ్ళకైతే పుట్టుకతోనే ఉంటాయి."

"నా తలలో పొద్దున్న దాకా ఉన్నాయా ఏమిటి? కూర్చో."

కూర్చున్నాడు, ముక్కు పక్కకి తిప్పుకుని. చలికి పిల్లలు అతని పొట్ట కిందికి దూరాయి. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. పైడమ్మ మాత్రం రోజూ "కూర్చో" అనడం మానలేదు.

అప్పలసూరి తలలోకి పాలు వెళ్ళలేదు. అతనికెక్కడివి? పిల్లల వెచ్చదనం వెళ్ళింది. దానికి పాలంత బలం లేదు. భయం మంచాన్ని ఒక్క ఊపున ఎత్తలేక, రోజుకి కాస్త జరిపింది. వారం తిరిగేసరికి అతను ఒక పిల్లని బోర్లా తిప్పి శుభ్రంగా నాకుతున్నాడు. ఎవరూ చెప్పలేదు.

అప్పుడే పోలయ్య తాత వచ్చి బొరియలోకి తొంగి చూశాడు. "ఏరా సూరీ, మీ ఆవిడకి మతి పోయిందటగా! శనగలు ఎక్కడ దాచిందో గుర్తులేదట!" అని పకపకా నవ్వాడు.

"మెల్లిగా తాతా! ఇప్పుడే పడుకున్నాయి" అన్నాడు అప్పలసూరి. "శనగలదేముంది? ఇప్పుడు మిడతని ఎగరకముందే పట్టేస్తోంది. నీకు గుర్తున్న శనగలు నువ్వు తిను."

అప్పటినుంచే ఎలుక గానీ, ఆవు గానీ, గబ్బిలం గానీ, మనిషి గానీ, పిల్లలకి పాలిచ్చే ప్రతి తల్లి తలా కాన్పుతో కొత్తగా సర్దుకుంటుంది. పాత సంగతులు కొన్ని జారిపోతాయి, ఎవరికీ వినపడని ఏడుపు వినపడుతుంది, ఎక్కడ లేని ధైర్యం వస్తుంది. కనకపోయినా రోజూ పిల్లల దగ్గర కూర్చునేవాళ్ళ తల కూడా మారుతుంది, కాస్త ఆలస్యంగా. కూర్చోనివాళ్ళది మారదు.

పైడమ్మ పిల్లలకి పళ్ళొచ్చాయి. గింజ కొరకడం చేతనైంది. ఆ మర్నాడే ఆమె అన్నిటినీ బొరియలోంచి బయటికి తరిమేసింది.